తొమ్మిది నిమిషాలు

కాకినాడలో ఇళ్ల గోడలే ఏ రోజు వానో ఎండో చెప్పేసే కాలమది. వకుళ మాత్రం లేస్తూనే గోడవైపు కాదు, తన మణికట్టువైపు చూసుకునేది.

ఆమె కూతురు ఇందుజకు పుట్టుకతోనే ట్యూబరస్ స్క్లెరోసిస్. మెదడులో, మూత్రపిండాల్లో చిన్న చిన్న గడ్డలు. ఎప్పుడొస్తుందో తెలియని మూర్ఛ. ఆ ‘ఎప్పుడు’ను పసిగట్టే యంత్రమే ముందెరుక. ఇందుజ చెవి వెనక చర్మం కింద బియ్యపుగింజంత సెన్సర్ మెదడులోని విద్యుత్తును చదువుతుంది. అలజడి మొదలైతే, మూర్ఛకు తొమ్మిది నిమిషాల ముందు తల్లి చేతిపట్టీ వణుకుతుంది. ఆ తొమ్మిది నిమిషాల్లో వకుళ స్టవ్ కట్టేసేది, కూతురి జడ విప్పేది, ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టేది. పదకొండేళ్లుగా ఇదే.

కొత్త మందుతో గడ్డలు కుంచించుకుపోయాయి. ఏడాదిన్నరగా మూర్ఛ లేదు. ఇరవై మూడేళ్ల ఇందుజకు సముద్రం మీద తేలే నాచుతోటలో ఉద్యోగం వచ్చింది. డాక్టర్ జహీరా సంతకం పెడితే ఎల్లుండే పడవ.

“పెట్టకండి మేడమ్,” అంది వకుళ. “ఈ నెల్లో నాలుగుసార్లు పట్టీ వణికింది. టయానికి పడుకోబెట్టాను కాబట్టి గండం గడిచింది.”

జహీరా తెరవైపు తిరిగింది. “ముందెరుకా, హెచ్చరికలు చూపించు.”

“పద్దెనిమిది నెలలుగా ఏ హెచ్చరికా పంపలేదు,” అంది యంత్రం.

“అబద్ధం! మొన్న మంగళవారం పప్పులో పోపు పెడుతుంటే...”

“ఆ సమయంలో పట్టీ మీ చేతికి లేదు. చార్జింగులో ఉంది.”

వకుళ మణికట్టును రెండోచేత్తో గట్టిగా పట్టుకుంది. కూతురివైపు తిరిగింది. “మరి నువ్వు ఎందుకు పడుకున్నావే? చేతికి పట్టీ లేదని చెప్పొచ్చుగా!”

“చెప్తే వింటావా? నీ మొహం చూస్తే ఫిట్స్ నీకే వచ్చేలా ఉంది.” ఇందుజ నవ్వబోయి ఆగింది. “నువ్వు నా చెయ్యి పట్టుకునేదానివి కదమ్మా, నీ చెయ్యి మంచుగడ్డలా ఉండేది. తొమ్మిది నిమిషాలయ్యేసరికి వెచ్చబడేది. లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని. నాకేం కష్టం? పోపే, నాలుగుసార్లూ మాడింది.”

జహీరా అనుమతి పత్రం ముందుకు లాక్కుంది. సంతకం పెట్టింది.

“మందు మానకు. ఆర్నెల్లకోసారి మూత్రపిండాల స్కాన్ తప్పదు. పట్టీ ఇక నాచుతోట నర్సు పెట్టుకుంటుంది.” వకుళవైపు చెయ్యి చాచింది. “ఇస్తారా?”

పట్టీ విప్పడానికి వకుళకు చాలాసేపు పట్టింది. దాని కింద చర్మం తెల్లగా, పసిపిల్లదిలా ఉంది.

పడవ వెళ్లిన రోజు ఇంటికొచ్చి స్టవ్ వెలిగించింది. నూనె కాగుతుండగా ఉత్త మణికట్టు వణికింది. ఇల్లంతా ఒకసారి చూసింది. స్టవ్ కట్టేసింది. తన జడ విప్పుకుంది. ఎడమపక్కకు తిరిగి పడుకుని, ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తొమ్మిదో నిమిషానికి చెయ్యి వెచ్చబడింది. లేచి పోపు పెట్టుకుంది.