ధనిష్ఠలో మూసిన గది

ఉదయం ఐదున్నరకు గోడలు కదిలే గంట మోగింది. హైమ అలవాటు కొద్దీ వంటగది గోడకు ఆనించిన మంచినీళ్ళ బిందెను ఒక చేత్తో, పప్పుడబ్బాను మరో చేత్తో పట్టుకుని నిలబడింది. ఆ పూట వంటగది గోడ కదల్లేదు. కానీ తాళం వేసి ఉన్న తండ్రి గదిలోంచి మంచం కోళ్ళు నేలకు రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. అవతలి గోడ మరో జానెడు లోపలికి జరిగి, దారిలో ఉన్న మంచాన్ని తోసుకుంటూ వచ్చి ఆగింది.

తాళం వేసిన తలుపు ముందు చాప పరుచుకుని కూర్చున్న తల్లి పైడమ్మ ఆ చప్పుడు విని, "మూడో జానెడు," అంది. ఎవరి ఇంట్లోనో జరుగుతున్న సంగతి చెప్పినట్టు చెప్పింది. హైమకు ఒళ్ళు మండిపోయింది.

గృహ సమృద్ధి చట్టాన్ని ఢిల్లీలో పార్లమెంటు ఆమోదించి పదకొండేళ్ళయింది. అంతకు ముందు విశాఖలో ఒక వైపు వంతెనల కింద సంసారాలు, మరో వైపు ఏళ్ళ తరబడి తాళాలు తియ్యని ఫ్లాట్లు. దేశంలో ఏ ఊరు చూసినా అదే వరస. కొత్త ఇళ్ళు కట్టడంతో పాటు, కట్టిన ఇంట్లో ఒక్క అడుగు కూడా ఊరికే పడి ఉండకూడదని చట్టం శాసించింది. అందుకోసం వచ్చినవే ఒదుగుగోడలు. గాజువాక కొండవాలున లేచిన ఈ ముప్పై అంతస్తుల టవర్లలో ప్రతి గది కప్పుకూ చొక్కా బొత్తమంత ఊపిరిమాపకం ఉంటుంది. ఏ గదిలో ఎవరు, ఎన్ని గంటలు ఊపిరి పీల్చారో అది లెక్క కడుతుంది. ముప్పై రోజుల పాటు ఏకధాటిగా ఆరు గంటల ఊపిరి ఒక్కసారైనా పడని గది ఖాళీ గది. ముప్పై ఒకటో రోజు నుంచి దాని గోడ రోజుకో జానెడు చొప్పున జరిగి, ఆ చోటు పక్కన ఇరుకుగా ఉన్న కుటుంబానికి చేరుతుంది. మధ్యలో ఏ రోజు ఆరు గంటల ఊపిరి పడినా గోడ వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

ఇంకో నిబంధన కూడా ఉంది. భార్యాభర్తలైతే తప్ప ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే గదిలో ఉండకూడదు. ఒకప్పుడు పదిమంది ఒక్క గదిలో మగ్గిన రోజులు మళ్ళీ రాకూడదని పెట్టిన నిబంధన అది. మంచి ఉద్దేశమే. మంచి ఉద్దేశంతో పెట్టినదాన్ని నోరారా తిట్టడానికి కూడా ఉండదు, అదే వచ్చిన చిక్కు.

హైమ తండ్రి అప్పన్న మేస్త్రి ఆ గదిలోనే పోయి ముప్పై మూడు రోజులైంది. నలభై ఏళ్ళు తాపీ పట్టి గోడలు కట్టినవాడు. ఈ టవరుకు వచ్చిన కొత్తలో ఒదుగుగోడను వేలితో తట్టి చూసి, "పునాది లేని గోడ కూడా గోడేనేటి?" అని నవ్వాడు. ఆయన పోయిన ఘడియకు ధనిష్ఠా నక్షత్రం నడుస్తోంది. అలా పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు విడిచిపెట్టాలని, కుదరకపోతే ప్రాణం పోయిన గదైనా మూసెయ్యాలని, లేకుంటే అందులో పడుకున్నవాళ్ళకు కీడని పంతులుగారు చెప్పారు. పైడమ్మ ఆ రోజే గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్డున దోపుకుంది.

ట్రామ్ డిపోలో మోటార్లు బాగుచేసే హైమకు నక్షత్రాల మీద నమ్మకం లేదు. తల్లి మీద ప్రేమ మాత్రం ఉంది. ఇల్లంతా కలిపి రెండు గదులూ ఓ వంటిల్లూ. ఒక గది హైమ పేరున, మూసిన గది పైడమ్మ పేరున ఉన్నాయి. మొన్ననే నోటీసు వచ్చింది. పన్నెండో జానెడుతో గది అంతరించిపోతుందని, ఆపైన పైడమ్మగారికి నగరానికి అవతల ఆనందపురం టవర్లలో ఒంటిగది కేటాయించామని, చాలా మర్యాదగా రాశారు.

"అమ్మా, ఒక్క రోజు," అంది హైమ బిందె దించి వచ్చి. "ఆరు గంటలు. మధ్యాహ్నం పడుకున్నా చాలు. గోడ వెనక్కి పోతుంది."

"ధనిష్ఠ గదిలో పడుకోమంటన్నావేటే? నాకేటైనా అయితే నువ్వు ఒక్కర్తివీ అయిపోవా?"

"పోనీ నేను పడుకుంటాను."

"నన్ను దాటి ఎల్లగలవేటి? కూకున్నాను సూడు."

"మరి నిన్ను ఆనందపురం పంపేస్తారు. అప్పుడు మాత్రం నేను ఒక్కర్తిని కానా?"

"ఆనందపురంలో ఉన్నా బతికే ఉంతాను కదే. బస్సెక్కి వస్తావు," అంది పైడమ్మ.

హైమ డిపోకు సెలవు పెట్టి వార్డులోని విన్నపాల కేంద్రానికి వెళ్ళింది. అక్కడి విన్నపాల పలక మృదువైన గొంతుతో అడిగింది. "గది ఖాళీగా ఉండటానికి కారణం?" కింద నాలుగే బొత్తాలు వెలిగాయి. రోగం, ఉద్యోగం, చదువు, పురుడు. హైమ రోగం నొక్కింది. పలక క్షణంలో ఆసుపత్రుల దస్త్రాలన్నీ వెతికి, "రుజువు లభించలేదు," అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట, అదే మృదువైన గొంతు. నాలుగోసారి హైమ పిడికిలితో గుద్దింది. పక్క వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

ఆ కేంద్రం మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క మనిషి, జోగారావు అనే గుమాస్తా, కుర్చీలోంచి లేచి వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"అయిదో బొత్తం పెట్టమని మూడేళ్ళ బట్టి రాస్తన్నానమ్మా. చట్టం రాసినోళ్ళ ఇళ్ళల్లో ధనిష్ఠలో ఎవురూ పోలేదు కాబోలు. మా మావయ్య పోయినప్పుడు మాకూ ఇలాగే ఒక గది పోయింది."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"ఊపిరి పడాలమ్మా. ఎవురిదైనా సరే. యంత్రానికి ఊపిరి తప్ప మరో మాట అర్థం కాదు."

ఇంటికి వచ్చేసరికి పక్కింటి దమయంతి వరండాలో ఎదురైంది. చంకకొకరు చొప్పున కవలపిల్లలు, తొమ్మిది నెలలవాళ్ళు. భర్త రేవులో పని చేస్తాడు. తండ్రి గదిని మింగుతున్న గోడ వాళ్ళ గోడే.

"అక్కా, ఏమీ అనుకోకండి," అంది దమయంతి, కళ్ళు దించుకుని. "మేం అడగలేదు. మీ గదికి ముప్పై రోజులు నిండగానే గోడ దానంతటదే వచ్చింది. ఇన్నాళ్ళూ ఇద్దరినీ నా గుండెల మీదే పడుకోబెట్టుకున్నాను. నిన్న ఆ కొత్త చోట ఉయ్యాల వేసి, మొదటిసారి నడుం వాల్చాను."

హైమ పోట్లాటకు సిద్ధమై వచ్చింది. దమయంతి కళ్ళ కింది నల్లటి చారలు చూశాక, చంకలోంచి జారిపోతున్న పిల్లాడికి చెయ్యి ఆసరా ఇచ్చింది. చట్టం ఎవరి కోసం పుట్టిందో వాళ్ళే ఎదురుగా నిలబడి ఉన్నారు. ఒకడు హైమ కొంగు పట్టుకుని లాగుతున్నాడు కూడా.

ఆ ఉక్రోషం తల్లి మీద తీర్చుకుంది. "కూర్చో, అలాగే తలుపు ముందు కూర్చో! వాళ్ళు అప్పుడే నాన్న గదిలో పిల్లలకు ఉయ్యాల కూడా వేసేశారు."

పైడమ్మ చటుక్కున తలెత్తింది. "ఏ గదిలోన?"

"ఇంకే గది? గోడ ఇటు వచ్చిందంటే ఆ చోటు అటు పోయినట్టే కదా."

ఇన్నాళ్ళూ పైడమ్మ గది తరిగిపోతోందనుకుందే తప్ప, అది ఇంకొకరి ఇంట్లో పెరుగుతోందని అనుకోలేదు. మేస్త్రి పెళ్ళాం ఆవిడ. గోడ అంటే కట్టినచోట ఉండేదని, పడిపోతే మట్టి అవుతుందని మాత్రమే తెలుసు. తరవాత పంతులుగారికి ఫోను చేయించుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. గోడ జరిగితే దోషం గోడతో పోతుందా, నేలతో ఉంటుందా? ప్రాణం పోయిన నేలకే దోషమని ఆయన చెప్పారు.

పైడమ్మ ఫోను పెట్టేసి, బొడ్డులోంచి తాళంచెవి తీసింది. తలుపు తెరిచి, మంచానికీ తలుపుకీ మధ్య మిగిలిన చోట చాప పరిచింది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు దాటింది. తూర్పు వైపు తల పెట్టుకుని పడుకుని కళ్ళు మూసుకుంది.

హైమ గుమ్మంలో నిలబడిపోయింది. తను కోరిందే జరుగుతోంది. సంతోషం రాలేదు సరికదా, కోపం వచ్చింది.

"ఇన్ని రోజులుగా కాళ్ళావేళ్ళా పడ్డాను. నాకోసం పడుకోలేదు. ఊరివాళ్ళ పిల్లల కోసం పడుకుంటావా?"

"నువ్వు నలబయ్యేళ్ళ దానివి. ఆళ్ళు పాలు తాగే పసిగుంటలు," అంది పైడమ్మ కళ్ళు తెరవకుండానే. "నా ఊపిరి పడితే గోడ అటే పోతాది కదా. ఆ నేల మీంచి ఉయ్యాల లేచిపోతాది. ఆర్నెల్లు నిండేదాకా ఇక్కడే పడుకుంతాను. పోతే నన్నే పోనీ."

"ఆ సంగతేదో దమయంతికే చెబుతాను. ఉయ్యాల ఇంకోచోట వేసుకుంటుంది."

"సెప్పకు!" పైడమ్మ లేచి కూర్చుంది. "పాలిచ్చే తల్లి. బయపడిందంటే పాలెండిపోతాయి. నా మీద ఒట్టెయ్యి."

హైమ ఒట్టేసింది. ఆ తరవాత చాలాసార్లు ఆ చేతిని నరుక్కోవాలనిపించింది.

మర్నాడు ఐదున్నర గంటకు గోడ వెనక్కి జరిగింది. అవతల ఉయ్యాల గొలుసులు గలగలమన్నాయి, పిల్లలిద్దరూ ఒక్కసారి ఏడుపు అందుకున్నారు. మూడు రోజుల్లో గది పూర్తిగా తిరిగి వచ్చేసింది. "ఊపిరి నమోదైంది. మీ గది భద్రం," అని సందేశం వచ్చింది. ఆనందపురం కేటాయింపు రద్దయింది.

దమయంతి ఫిర్యాదు పెట్టింది. ఊపిరి ఉన్నంత కాలం గది పైడమ్మదేనని యంత్రం తోసిపుచ్చింది. అప్పటి నుంచి లిఫ్టులో పైడమ్మ కనిపిస్తే దమయంతి మొహం తిప్పుకునేది. "రేపో మాపో పోయే ముసలావిడకు అంత గది దేనికో, పసివాళ్ళ నోటి దగ్గరిది లాక్కుంది," అని ఇరుగుపొరుగు వరండాలో అందరూ వినేలా అనేవాళ్ళు. పైడమ్మ తల దించుకుని నడిచిపోయేది. హైమకు అందరినీ నిలబెట్టి అరిచి చెప్పాలని ఉండేది. వేసిన ఒట్టు గుర్తొచ్చి లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది.

ప్రతి ఉదయం తల్లి ఆ గదిలోంచి ఉబ్బిన కళ్ళతో బయటికి వచ్చేది. ఆవిడ అందులో నిద్రపోయేది కాదు, భయంతో ఊపిరి మాత్రం పీల్చేది. ఊపిరిమాపకానికి ఆ తేడా తెలియదు. గోడకు అవతల దమయంతి కూడా పిల్లలిద్దరినీ గుండెల మీద వేసుకుని నిద్ర లేకుండానే గడిపేది. ఎవరికోసం ఎవరు మేలుకుంటున్నారో తెలిసిన మనిషి మధ్యలో హైమ ఒక్కతే. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక డిపోలో మోటార్ల మీద విసుక్కునేది.

ఆర్నెల్లు నిండాయి. పైడమ్మకు ఏ కీడూ జరగలేదు. జరగలేదని హైమ అంటే, "నాను పడుకున్నాను కాబట్టే," అంది. పసుపునీళ్ళతో గదంతా కడిగి, సాంబ్రాణి వేసి, మూల దీపం పెట్టింది. దీపం కొండెక్కాక చాప చుట్టి చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఇప్పుడు సుబ్బరమైపోయింది. ఆ పిల్లలకిచ్చీయే."

హైమకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు రోజులు అరిచింది, మూడో రోజు ఏడ్చింది. అవతల పిల్లలు తప్పటడుగులు వేస్తున్నారని, చోటు చాలక మంచం కోళ్ళకు తలలు కొట్టుకుంటున్నారని, ఆ చప్పుడు తనకు వినపడుతోందని పైడమ్మ అంది. తను వాళ్ళ దగ్గర తీసుకున్నది దోషమున్న చోటని, మంచి చోటు ఉంచుకుంటే అది నిజంగా లాక్కున్నట్టే అవుతుందని కూడా అంది.

నాలుగో రోజు, రద్దయిన ఆనందపురం ఒంటిగదిని మళ్ళీ తన పేరున రాయించుకుని, పైడమ్మ గుడ్డసంచిలో రెండు చీరలు, మొగుడి తాపీ సర్దుకుంది. వెళ్ళే ముందు దమయంతి గుమ్మం ముందు ఆగింది. తలుపు సందులోంచి దమయంతి చూసి, తలుపు వేసేసింది. "పిల్లలు పడుకున్నారు కాబోలు," అంది పైడమ్మ, లిఫ్టు వైపు నడుస్తూ.

తల్లిని ఆనందపురంలో దింపి వచ్చాక హైమ ఆమె తరఫున ఇంట్లోని పలక ముందు కూర్చుంది; గది అడగడానికే కేంద్రానికి వెళ్ళాలి, ఇవ్వడానికి ఇంట్లో పలక చాలు. "గది వదులుకోవడానికి కారణం?" అని అడిగింది మృదువైన గొంతు. రోగం, ఉద్యోగం, చదువు, పురుడు. ఇచ్చేవాళ్ళను యంత్రం రుజువులు అడగదు. హైమ వేలు ఒక్కో బొత్తం మీద ఆగి, చివరికి పురుడు నొక్కింది.

స్వచ్ఛందంగా ఇచ్చిన గది కాబట్టి గోడ గంట కోసం ఆగలేదు. ఒక్క ఊపున ఇటు వచ్చేసింది. అవతల దమయంతి ఆశ్చర్యంగా కేక వేయడం, తరవాత పిల్లల నవ్వులు, ఉయ్యాల గొలుసుల చప్పుడు వినిపించాయి.

"శుభాకాంక్షలు," అంది పలక. "తల్లీ పిల్లలూ క్షేమమేనా?"

హైమ క్షేమమేనని నొక్కి, ఆనందపురం బస్సు వేళలు వెతకడం మొదలుపెట్టింది.