ఆరో సెల్లు

1988, మే నెల. జూబ్లీహిల్స్ బండల మధ్య బోర్డు లేని ఒక బంగళాలో చలపతిరావు ఫైలు తెరవకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"పదకొండు పేర్లు. సరిహద్దు అవతల పనిచేస్తున్న మన ఏజెంట్లవి. ఇవాళ నాలుగింటికి ఆ జాబితా మైక్రోఫిల్ము రూపంలో ఫిలింనగర్ నుంచి ఎయిర్‌పోర్టుకు పోతోంది."

"ఎవరు తీసుకెళ్తున్నారు సార్?" అడిగాడు ఏజెంట్ ఆదినారాయణ.

"కెమెరా ఇంజనీరునని చెప్పుకునే ఒక విదేశీయుడు. షూటింగు కంపెనీ వాళ్ళ తెల్ల అంబాసడర్‌లో. ఫిల్ము ఆ కారులోనే ఉంది, అది ఖాయం. రెండుసార్లు చాటుగా వెతికించాను. సీట్లు, టైర్లు, పెట్రోలు ట్యాంకు, అన్నీ. దొరకలేదు. అది దొరక్కుండా మనిషిని పట్టుకుంటే ఉపయోగం లేదు. ఇంకో దారిన పేర్లు వెళ్ళిపోతాయి. ఆ పదకొండు మందీ బతకరు."

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లీలాకుమారి. డబ్బింగ్ ఆర్టిస్టుగా చేరింది. కారు క్లీన్ అని రిపోర్టు పంపింది."

మద్రాసు మిషన్‌లో ఆదినారాయణ, లీల ఏడాదిపాటు భార్యాభర్తలుగా నటించారు. పని ముగిసిన రోజున సెంట్రల్ స్టేషన్‌లో చెరో రైలు ఎక్కారు. మూడేళ్ళయింది. ఆ పేరు వింటే లోపల ఏమైనా కదులుతుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాడు. ఏమీ కదలలేదు.

"దొరికితే తల మీద టోపీ తీసెయ్," అన్నాడు చలపతిరావు. "షేక్‌పేట మలుపులో జీపుతో ఉంటాను."

ఆ కారు మీద ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు, స్టార్టింగ్ ట్రబుల్. ఆదినారాయణ ఆ ఒక్క పోగు పట్టుకుని రహమత్ నగర్‌లో బ్యాటరీలు బాగుచేసే జంగయ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఆ బండా? రెండు నెలల కిందనే కొత్త బ్యాటరీ ఏసిన్రు. అప్పటిసంది రోజూ తోసుడే," అన్నాడు జంగయ్య. "వారంటీ ఉన్నది, ఫుకట్ల మార్చిస్త అన్న. డబ్బింగ్ మేడం వద్దన్నది. ముప్పై ఏండ్లసంది ఈ పనిల ఉన్న సారూ, ఫుకట్ల ఇస్తమంటే వద్దన్న మనిషిని గీమెనే చూసిన."

కారు క్లీన్ అని రిపోర్టు పంపిందీ ఆ డబ్బింగ్ మేడమే. ఆదినారాయణ అడిగాడు. "బ్యాటరీ పోయిందని ఎట్లా తెలుస్తుంది?"

"లైటేసి సెల్ఫ్ కొట్టు. లైటు గుడ్డిదయితే బ్యాటరీల బలం లేనట్టు. అప్పుడు మూతలు తియ్యి. ఆరు సెల్లులుంటయ్. హైడ్రోమీటర్‌తోని ఒక్కోదాంట్ల యాసిడ్ గుంజి చూడు. లోపల బుడ్డి పైకి తేలితే సెల్లు మంచిగున్నట్టు, మునిగితే ఖతం. ముందుగాల అర్తు వైరు ఊడదీసుడు మరువకు. మల్ల గట్టిగ బిగియ్యి, అది వదులుంటే తోసినా బండి లేవదు."

జంగయ్య దగ్గర అడిగి తీసుకున్న ఖాకీ చొక్కా, టోపీ, పనిముట్ల సంచీ తగిలించుకుని మూడున్నరకు ఆదినారాయణ ఫిలింనగర్ షూటింగు ఇంటి ముందున్నాడు. కారు వాలులో ఆగి ఉంది, వాలు చివర షేక్‌పేట మలుపు. గుమ్మంలో లీల నిలబడి ఉంది, చేతిలో డైలాగుల ఫైలు.

"నీళ్ళు ఎప్పుడు పోశారమ్మా?" అన్నాడు. అది కోడ్ వర్డ్.

"పోయిన శుక్రవారం." సరైన జవాబే. "బ్యాటరీకి ఏం కాలేదు. ఫ్యాన్ బెల్టు వదులైంది, బిగించి వెళ్ళండి."

బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది. లైటు వేసి సెల్ఫ్ కొట్టాడు. లైటు పసుపు తిరిగి చిన్నబోయింది. లీల లోపలికి వెళ్ళగానే అర్తు వైరు విప్పి మూతలు తీశాడు. అయిదు సెల్లుల్లో బుడ్డి తేలింది. ఆరో దాంట్లో మునిగిపోయింది. అది యాసిడ్ కాదు, మంచినీళ్ళు. పుల్ల దించితే పలకలు తగల్లేదు. ఏదో ప్లాస్టిక్ గొట్టం తగిలింది.

"ఏవండీ."

మద్రాసులో పిలిచినట్టే పిలిచింది. ఫైలు చాటున పిస్టల్ అతని వీపుకు ఆనింది.

"మూత పెట్టేయండి."

"పదకొండు మంది, లీలా."

"తెలుసు. టైపు చేసింది నేనే."

"ఎప్పటినుంచి ఈ పని?"

"మద్రాసుకు ముందునుంచే."

అంటే ఆ ఏడాది పొడుగునా ఇంట్లో నిజంగా నటించింది ఆవిడ ఒక్కతే. నొప్పి వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. మూతలు బిగించాడు. అర్తు వైరును మాత్రం బిగించకుండా దాని చోట ఆనించి వదిలేశాడు. లీల అతని ముఖాన్నే చూస్తోంది గాని చేతుల్ని చూడలేదు. బానెట్ తనే మూసింది.

నాలుగయింది. విదేశీయుడూ లీలా వెనక సీట్లో ఎక్కారు, ఫైలు చాటున పిస్టల్ ఇంకా ఆదినారాయణ వైపే ఉంది. డ్రైవరు తాళం తిప్పితే చప్పుడే లేదు. అంతలో పిలవకుండానే ఎనిమిది మంది లైట్‌మెన్ వచ్చి కారు వెనక చేరారు.

"జర పక్కకు జరుగు మేస్త్రీ. నువ్వు చూసినంక గిట్లనే ఉంటది," అన్నాడొకడు.

కారు వాలులో దిగింది. డ్రైవరు రెండో గేరులో క్లచ్ వదిలాడు. బండి కుదిపింది తప్ప ఇంజను అందుకోలేదు. మళ్ళీ తోశారు. వెనకే నడుస్తున్న ఆదినారాయణ టోపీ తీశాడు. దేశద్రోహాన్ని చెమటలు కక్కుతూ తోసుకెళ్ళి లైట్‌మెన్ జీపు ముందు నిలబెట్టారు.

విదేశీయుడు దూకి, బానెట్ ఎత్తి, ఆరో మూత మీద చెయ్యి వేశాడు. అదే చేతికి చలపతిరావు సంకెల పడింది.

లీల పారిపోవాలని చూడలేదు. పిస్టల్ ఇచ్చేసి, వెళ్ళి జీపు ఎక్కింది.

జీపు స్టార్టు కాలేదు. పొద్దుటినుంచీ ఇంజను ఆపి వైర్‌లెస్ సెట్టు మోగించారు, బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. చలపతిరావు ఎటో చూస్తూ అన్నాడు, "ఆదినారాయణా, ఒక చెయ్యి వెయ్యి."

లీల ఉన్న జీపును ఆదినారాయణ వెనకనుంచి తోశాడు. ఇంజను మూడో తోపుకే అందుకుంది, డిపార్టుమెంటు బండికి అది రికార్డు.