తాళంచెవి పోయింది, కప్ప వచ్చింది

జూన్ తొమ్మిదో తేదీ అతనికి ఇప్పటికీ గుర్తే. ఆ పొద్దున అతను తిన్నది ఒక మాడిన బ్రెడ్డు ముక్క, సగం అరటిపండు. మిగతా సగం ఏమైందన్నది చిన్న విషయమే. కానీ ఆ చిన్న విషయం ఒక పెద్దమనిషిని డాక్టరు దాకా పంపబోయింది.

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. పని లేని వేళల్లో అతనికి జియోకేషింగ్ పిచ్చి. ఆట పెద్ద కష్టమేమీ కాదు. ఎవరో ఒకరు ఒక డబ్బాను ఊళ్లో ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలను ఫోన్లో పెడతారు. మిగతావాళ్లు ఆ అంకెల వెంట పడి వెతుకుతారు. దొరికితే లోపలున్న కాగితం మీద సంతకం పెట్టాలి. డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే బదులుగా ఇంకొకటి పెట్టాలి. ఈ వేటగాళ్లకు ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు. ఆటలో అతని పేరు గుడ్లగూబ.

ఆ రోజు అరటిపండు తింటుండగా ఫోన్ మోగింది. కొత్త డబ్బా! చేతిలో పండుతోనే పరుగెత్తాడు. అంకెలు అతన్ని ఒక సందులోకి, ఒక పాత ఇంటి గేటు పక్కకి తీసుకెళ్లాయి. గోడ మీద పూలకుండీ. కుండీ వెనక తుప్పు పట్టిన పిప్పరమెంటు డబ్బా.

లోపల కాగితం లేదు. ఈల కట్టిన ఒక తాళంచెవి మాత్రం ఉంది.

"కాగితం పెట్టడం మర్చిపోయినట్టున్నాడు" అనుకుని జేబులోంచి ఒక చీటీ తీసి, 'గుడ్లగూబ. అందరికన్నా ముందు నాకే!' అని రాశాడు. ఇలాంటి డబ్బాల్లో ఎక్కడా పనికిరాని పాత తాళంచెవులు వేస్తుంటారు కాబట్టి దాన్ని తీసుకుని, బదులుగా ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్పను పెట్టాడు. సందులో ఎవరూ లేరని చూసుకుని రెండు చేతులూ ఎత్తి చిన్న గంతు కూడా వేశాడు. సగం అరటిపండు గోడ మీదే మర్చిపోయాడు. ఈల కట్టిన ఆ తాళంచెవిని దారిలో ఉన్న పాదచారుల వంతెన కింది ఇంకో ఆట డబ్బాలో వేసి, దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం వేటగాళ్లంతా కాఫీ హోటల్లో కలిశారు. ఆ కొత్త డబ్బా దాచిన వేటగాడు మిడత మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"నా డబ్బా ఇంకా ఎవరికీ దొరకలేదేంటి గురూ? మరీ అంత కష్టంగా దాచానా?"

"దొరక్కపోవడమేంటి? మొదటిరోజే పట్టేశాగా! పూలకుండీ వెనక, పిప్పరమెంటు డబ్బా" అన్నాడు గుడ్లగూబ.

మిడత కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. "నాది పిప్పరమెంటు డబ్బా కాదు. ప్లాస్టిక్ సీసా. పార్కు బెంచీ కింద అతికించాను."

"మరి నాక్కూడా కుండీ వెనకే దొరికిందే!" అంది తాబేలు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. మోకాళ్ల నొప్పుల వల్ల ఎప్పుడూ అందరికన్నా వెనకే వస్తుంది. "నేనూ సంతకం పెట్టానే. నీ కప్ప కూడా చూశాను. ముద్దుగా ఉంది."

మిడత మొహం పాలిపోయింది. "రెండు పెద్ద బిల్డింగుల మధ్య నిలబడి కొలిచాను. సిగ్నల్ గోడలకి తగిలి పక్కకి పోయుంటుంది. పార్కు గోడ అవతల అన్నీ ఇళ్లే కదా..."

గుడ్లగూబే అడిగాడు, తన గొంతు తనకే కొత్తగా వినిపించేలా. "అయితే మనం తెరిచింది ఎవరి డబ్బా?"

"అందులోంచి నువ్వేమైనా తీశావా?" అంది తాబేలు.

"ఒక తాళంచెవి. పనికిరానిదేమో అనుకున్నాను టీచరుగారూ..."

"గేటు పక్కన కుండీ వెనక దాచిన తాళంచెవి ఏ ఇంటిదవుతుందిరా? ఊరందరికీ కళ్లజోళ్లు పెడతావు, నీకే కళ్లు కనబడవా?"

అతను బిల్లు సంగతి కూడా మరిచి పరుగు తీశాడు.

కనీసం తన కప్పనైనా తీసేద్దామని కుండీ వెనక చెయ్యి పెట్టాడో లేదో, ఇంకో చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది. మామూలు పట్టు కాదు. వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

"కదిలారంటే విరుగుతుంది" అంది ఒక ఆడగొంతు. "ఏ ఎముకో కూడా నాకు తెలుసు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని."

"అమ్మా!"

"అమ్మ తర్వాత. ముందు ఎవరు మీరు?"

భయంలో నోటికి ఏదొస్తే అదే చెప్పాడు. "గుడ్లగూబని."

ఆ పట్టు ఒక్కసారిగా వదులైంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె కళ్లు అంత పెద్దవని అతను గమనించింది అప్పుడే. అవి అప్పుడు ఇంకా పెద్దవయ్యాయి.

"ఏమన్నారూ?"

"అంటే... ఆటలో పేరండీ. డబ్బాలు దాస్తారు, మేం వెతుకుతాం, సంతకం పెడతాం..."

"ఆ చీటీ రాసింది మీరా? మా నాన్న కాదా?"

ఆమె మెట్టు మీద కూలబడిపోయింది. మాటలు మొదలయ్యాక ఆగలేదు.

"తాళంచెవి ఏది నాన్నా అంటే, 'పోయింది, కప్ప వచ్చింది' అన్నారు. గోడ మీద చూస్తే సగం తిని వదిలేసిన అరటిపండు, దాని నిండా చీమలు. డబ్బాలో గుడ్లగూబ అని సంతకం. చేతిరాత కూడా మారిపోయిందనుకున్నాను! నాలుగు రోజులాగి చూస్తే తాబేలు అయిపోయారు!"

అతనికి నవ్వు రాబోయింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి గొంతులోనే ఆపుకున్నాడు.

"బుధవారం మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లబోతున్నాను. ఆయన్ని ఒంటరిగా వదలలేక డ్యూటీకి సెలవు పెట్టాను. రాత్రిళ్లు నిద్ర లేదు." చున్నీతో మొహం తుడుచుకుంది. "అంటే... మా నాన్న బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారండీ. బాగాలేనిది నేనే."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "మరి ఈల ఏది?"

అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ ఈత నేర్పే టీచరు. నాన్న బస్సు డ్రైవరు. ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా తలుపు తట్టి ఎవర్నీ లేపే పని లేకుండా, అమ్మ ఆ డబ్బాలో తాళంచెవి, పక్కన ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టేది. అమ్మ పోయాక నాన్న ఆమె ఈలను తాళంచెవికి కట్టాడు. రోజూ పడుకునే ముందు బయటికొచ్చి డబ్బాను ఒకసారి ఆడించి, ఆ చప్పుడు విని, అప్పుడు తలుపు వేసేవాడు.

"ఇప్పుడు తలుపు దగ్గర ఊరికే నిలబడిపోతున్నారు. చివరికి నేనే వేస్తున్నాను తలుపు." లేచి నిలబడింది. "ఈల తెచ్చాక నాన్నకి మీరే చెప్పండి. తేకపోతే..."

ఆమె అతని మణికట్టు వైపు చూసింది. వెంటనే అతను ఆ చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

వంతెన కింది డబ్బాలో ఈల లేదు. వేటగాళ్ల ఫోన్ గుంపులో మెసేజీ పెడితే, ఆ రోజు హోటలుకి రాని ఉడత సాయంత్రానికి జవాబిచ్చింది. 'అది నేనే తీశాను. ఈల కదా, ఈతకొలను దగ్గర డబ్బాలో ఉంటే బాగుంటుందనిపించి అక్కడ వేశాను. ఏం, ఏమైంది?'

అతను పరుగున వచ్చి చూపించిన ఫోన్ చూసి ఆమె కొయ్యబారిపోయింది. "అమ్మ పనిచేసిన కొలను" అంది, ఇంచుమించు తనలో తానే. "ఊళ్లో ఉన్నది అదొక్కటే."

మర్నాడు వాళ్లు అక్కడికి వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. గేటు దగ్గర ఆమె ఆగిపోయింది.

"అమ్మ పోయాక ఇటు రాలేదు."

"మీరు ఇక్కడే ఉండండి. నేను తెచ్చేస్తాను."

"వద్దు. నేనే వస్తాను."

అంకెలు కొలను వెనక గోడ దాకా తీసుకెళ్లాయి. అతని కళ్లు అలవాటు కొద్దీ ఒక్క చూపులో పట్టేశాయి. నీటి గొట్టం వెనక, ఇటుక రంగు పూసిన చిన్న డబ్బా. అందరికన్నా ముందు కనిపెట్టడానికి నిద్రలు మానుకున్న మనిషి. అలాంటివాడు పెదవులు బిగించి, ఎదురుగా ఉన్న ఖాళీ గోడ వైపు శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

ఆమె రాళ్లు కదిలించింది. కిటికీ అంచులు తడిమింది. వాన జోరందుకుంది. ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"దొరికింది!" అని అరిచింది. అంతలోనే అనుమానంగా తిరిగింది. "మీకు ముందే కనబడింది కదూ?"

"లేదే."

"నిజం చెప్పండి. కళ్లు అటు వెళ్లాయి."

"నా కళ్లు వెళ్లింది మీ వైపండీ" అన్నాడు. అన్నాక, అన్నది తనేనా అని అదిరిపడ్డాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా తెరిచి ఈలను నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది.

గోడ అవతల కొలనులో నీళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఇద్దరూ మూల తిరిగి చూశారు. వానలో ఈదుతున్న పిల్లలంతా గోడ పట్టుకుని వరసగా ఆగి ఉన్నారు. గట్టు మీద వాళ్లకు నేర్పుతున్న అమ్మాయి "టీచర్?" అంది. ఆ అమ్మాయి కూడా ఒకప్పుడు ఆ ఈల మోగగానే ఈత ఆపి గోడ పట్టుకున్న పిల్లే.

ఫిజియోథెరపిస్టు చేతులతో మొహం కప్పుకుంది. వాన నీళ్లా కన్నీళ్లా అని అతను అడగలేదు. గేటు దగ్గర వదిలిన తన గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టాడు. తను మాత్రం తడుస్తూ నిలబడ్డాడు.

తిరిగొస్తుంటే ఆమె అడిగింది. "చెయ్యి ఇంకా నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఈపాటికి తగ్గుండాలే!"

"తగ్గింది. తగ్గిందంటే మీరు ఇక చూడరు కదా."

ఆమె నడక ఆపి అతని మణికట్టు అందుకుంది. ఈసారి మెత్తగా. "రోజూ వ్యాయామం చెయ్యాలి. నా ఎదురుగానే చెయ్యాలి. ఎన్నాళ్లని మాత్రం అడక్కు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిపోయిందో అతనికి అర్థమయ్యేలోగా ఇల్లు వచ్చేసింది.

నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. అతను ఈల కట్టిన తాళంచెవిని రెండు చేతులతో అందించి, దారంతా బట్టీపట్టిన మాటలు మొదలుపెట్టాడు.

"అంకుల్, క్షమించండి. ఆ కప్పను పెట్టింది..."

"నువ్వే. తెలుసు బాబూ."

ఇద్దరూ నోళ్లు తెరిచారు.

"తెలుసా?" అంది కూతురు.

"కిటికీలోంచి చూశాగా. అరటిపండు తింటూ వచ్చాడు. డబ్బా తెరిచి గంతేశాడు. మీ అమ్మ పోయాక ఆ డబ్బా చూసి అంత సంతోషపడ్డ మనిషి లేడు. ఆ సంతోషం చూస్తూ ఉండిపోయాను. తాళంచెవి లేదని ఇతను వెళ్లాక చూశాను." ఈలను బొటనవేలితో తుడిచాడు. "అంత సంతోషంగా పట్టుకెళ్లినవాడు తిరిగొస్తాడులే అనుకున్నాను. రోజూ రాత్రి గుమ్మంలో నిలబడింది అందుకే."

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా? నేనెంత హడలిపోయానో తెలుసా!"

"చెప్పానుగా తల్లీ! తాళంచెవి పోయింది, కప్ప వచ్చింది అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం ఉందా? మిగతాది చెప్పబోతే నువ్వు డాక్టరుకి ఫోన్ చేస్తున్నావు." గొంతు కాస్త తగ్గించాడు. "ఆ తర్వాత చెప్పాలనిపించలేదు. ఎన్నాళ్లకో సెలవు పెట్టి, నాతో కూర్చుని రెండు పూటలా భోంచేస్తున్నావు."

ఆమె ఆయన భుజానికి తల ఆనించింది.

పెద్దాయన ఈలతో సహా తాళంచెవిని డబ్బాలో పెట్టాడు. పక్కన కప్పను కూర్చోబెట్టాడు. జేబులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ల తీసి అందులో వేశాడు. తిన్నగా వెళ్లి కుండీ వెనక పెట్టి వచ్చాడు.

"మళ్లీ అక్కడేనా నాన్నా? వీళ్లకి తెలిసిపోయింది కదా!"

"మిగతావాళ్లకి అసలు డబ్బా ఎక్కడుందో చెప్పెయ్యమను. ఇతనికి తెలిస్తే తప్పేముంది?" అతని వైపు తిరిగాడు. "మా ఇంటి తాళంచెవి ఎక్కడుంటుందో నీకు తెలుసు కదా?"

"తెలుసు అంకుల్."

"తెలిసినవాడు అంకుల్ అంటాడటయ్యా? మావయ్యా అనాలి."

"నాన్నా!" అంది కూతురు, ఉలిక్కిపడి.

గుడ్లగూబకు తను ఎప్పుడు ఎలా గేటు దాటాడో కూడా తెలియలేదు. ఆమె వెనకే వచ్చి అతని చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

"ఈసారి మొత్తం తిను" అని, మొహం చూపించకుండా లోపలికి పారిపోయింది.

సందు మలుపులో ఆగి అతను పండంతా తిన్నాడు. తొక్కను బుద్ధిగా జేబులో వేసుకున్నాడు. వాన వెలిసింది. వెనక, కుండీ దగ్గర, పెద్దాయన డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించాడు. గలగలమని చప్పుడైంది. తృప్తిగా తల ఊపి, దాన్ని మళ్లీ దాచి, లోపలికి నడిచి, ఎవరినీ లేపకూడదన్నంత మెల్లగా తలుపు వేసుకున్నాడు.