ఆషాఢంలో అత్తారింటికి పరుగు

"సరే, పో," అన్నాడు నాయన, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

ఆ రెండు మాటల కోసం నాలుగు రోజులుగా ఆయన చుట్టూ తిరుగుతున్నాను. పెళ్లయి నెల తిరగకుండానే ఆషాఢం వచ్చి నన్ను ఆళ్లగడ్డలో, పుట్టింట్లో పడేసింది. మా ఆయన మనోజ్ నంద్యాలలో ఉన్నాడు. ఈ నెలంతా అత్తాకోడళ్లు ఒకే గడప తొక్కకూడదు, అల్లుడు అత్తారింటికి రాకూడదు. ఖాళీగా కూర్చున్న నా కాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. కాలువ గట్ల మీద, పొలాల దారుల్లో, ఒంటరిగా, ఒక్క పగటిపూటలో నంద్యాలకు పరుగు. నలభై ఆరు కిలోమీటర్లు. కాలేజీ రోజుల నుంచి నాకీ పిచ్చి ఉంది.

"పొద్దుగూకకముందే మీ అత్తారింటి గేటు ముట్టుకోవాల. లోపలికి పోగూడదు. నేను బస్సుకొచ్చి పిల్చుకొస్తా. దావలో ఏ బండైనా ఎక్కితివో, ఆ బూట్లు మళ్లీ తొడిగేది లేదు."

"ఎప్పటిదాకా నాయనా?"

"ఎప్పటికీ."

వెంటనే మనోజ్‌కు ఫోన్ చేశాను.

"నా కోసమేనా పూర్ణిమా?" అన్నాడు.

"కాదప్పా. సోలో రన్ కోసం."

"మరి నంద్యాలకే ఎందుకొస్తాండావ్?"

"దావ ఆడికే ఉంది."

మరునాడు వెలుగు రాగానే బయలుదేరాను. సగం దూరం హాయిగా సాగింది. ఒక చేలో కలుపు తీస్తున్నామె నడుం నిలబెట్టి అడిగింది.

"ఎవురన్నా తరుముతాండారా పాపా?"

"లేదక్కా. మొగుని కాడికి పోతాండా."

"అట్లయితే ఇంకా బేగా పో."

శిరివెళ్ల దాటాక వాన పట్టుకుంది. నల్లరేగడి బూట్లకు అంటుకుని ఒక్కో కాలు ఒక్కో ఇటుక మోస్తున్నట్టయింది. గట్టు మీద కూలబడ్డాను. అప్పుడే కాలువ అవతలి గట్టున బైక్ హారన్ వినిపించింది. మనోజ్. నిలువునా తడిసి ఉన్నాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?" అని అరిచాను.

"ఊరికే గాలికొచ్చినా."

"వానలోనా?"

"అది నా ఎనకనే వచ్చింది." తర్వాత గొంతు తగ్గించాడు. "కాళ్లు నొస్తాండాయా?"

"నొస్తాండాయి."

"ముందర వంతెన ఉంది. దాటొచ్చి ఎక్కు. మీ నాయనకు చెప్పన్లే."

బైక్ వెనక సీటు వైపు చూశాను. సరిగ్గా నాకు సరిపోయేంత చోటు.

"అది ఎక్కితే బూట్లు విప్పెయ్యాల మనోజ్. నాయనకు తెలీకపోయినా, నాకు తెలుస్తాది గదా."

అతను మళ్లీ అడగలేదు. "అయితే లెయ్. నీ అవతారం చూసి కొంగలు ఎగిరిపోతాండాయి."

నవ్వొచ్చింది. నవ్వుతోపాటే లేచాను. కాలువలో బూట్లు కడుక్కుని మళ్లీ పరుగు తీశాను. కాలువ మలుపు తిరిగేదాకా అతను అవతలి గట్టున నెమ్మదిగా బైక్ నడుపుతూ వచ్చాడు. నేను చూసినప్పుడల్లా అతనూ చూస్తున్నాడు. అట్లా చూస్తూనే ఒకసారి బైకును నేరుగా తుమ్మకంపలోకి పోనిచ్చాడు.

నేను గేటు ముట్టుకునేసరికి నంద్యాల మిద్దెల మీద ఇంకా ఎండ ఉంది. వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాయన గడియారం చూశాడు. తర్వాత నా బూట్ల వైపు చూశాడు.

"ఇంకో జత కొనాల," అన్నాడు.

అత్త కమలాక్షమ్మ మజ్జిగ చెంబుతో వీధిలోకే వచ్చింది. "నువ్వు లోపలికి రాగూడదు. నేను బయటికి రావచ్చు గదా," అంటూ గ్లాసు నింపింది. గేటుకు ఇవతల నేను, అవతల చేతి నిండా ముళ్ల గీతలతో మనోజ్. మజ్జిగ అయిపోకూడదని గుక్కెడు గుక్కెడు తాగుతున్నాను. అత్త ఇద్దరినీ చూసి, నాయన వైపు తిరిగింది.

"ఏమన్నా, అత్తాకోడళ్లు ఒక గడప తొక్కగూడదు. అంతే గదా?"

"అంతేమ్మా."

"అయితే రేపు పొద్దున్నే నేను బండి ఆత్మకూరుకు పోతాండా, మా చెల్లెలింటికి. ఆషాఢం అయ్యేదాకా ఆడనే ఉంటా. పది గంటలకు పూర్ణిమను పంపు."

మనోజ్ దగ్గాడు. గ్లాసులో మిగిలింది నేను ఒక్క గుక్కలో తాగేశాను.

అత్త నా బురద కాళ్ల వైపు చూసి, చెంబులో మిగిలిన మజ్జిగ కూడా గ్లాసులో పోసింది.

"రేపు బస్సుకు రామ్మే."