జిగురు ఆరేలోపు

"ఆ డబ్బా మూత తియ్యకండి. మేం తెల్ల జిగురు తప్ప ఇంకోటి వాడం," అంది అమ్మడు, తలైనా ఎత్తకుండా.

గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు వానకి తడిసి ముద్దయ్యాడు. చేతిలోని శాంపిల్ డబ్బాలు మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుక్క తడవకుండా ఉన్నాయి.

"అమ్ముదామని రాలేదండీ. వాన తగ్గేదాకా నిలబడదామని."

"మరి ఈ డబ్బాలెందుకు?"

"వాటికీ వానంటే భయం."

అమ్మడికి నవ్వొచ్చింది కానీ మింగేసింది.

అది గిటార్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. నాన్న వేళ్ళు కీళ్ళ నొప్పులతో వంకర్లు పోయాక, గిటారు పక్కలు వంచే పని కూతురు మీద పడింది. నాన్న "అమ్మడూ" అని పిలుస్తుంటే విని, వీధిలోవాళ్ళంతా ఆమెని అలాగే పిలిచేవారు. పల్చటి చెక్క పొరలు రెండింటిని వేడి చేసి వంచి, మధ్య జిగురు పూసి, చెక్క అచ్చుకి క్లాంపులతో బిగించేది. అయితే అచ్చులోంచి తీసిన కొన్నాళ్ళకే ఆ వంపు విచ్చుకునేది.

కుర్రాడు గోడకి వేలాడుతున్న ఒక గిటారు పక్కని వేలితో నిమిరాడు. "నడుం దగ్గర విచ్చుకుందండీ."

"చెక్క గుణం అది."

"జిగురు గుణం. తెల్ల జిగురులో నీళ్ళుంటాయి, పొర ఉబ్బుతుంది. ఆరాక కూడా లోపల మెత్తగానే ఉంటుంది. ఎండలు ముదిరితే పొర మీద పొర మెల్లగా జారుతుంది."

"అబ్బో, పాఠం బాగానే బట్టీ పట్టారే! ఎప్పుడైనా గిటారు చేశారా?"

"లేదు."

"మరెందుకండీ ఈ ఉపన్యాసం?"

మూల కూర్చున్న నాన్న పగలబడి నవ్వాడు. "వాదనెందుకే? బాబూ, నీ డబ్బాలు విప్పు. చేసి చూద్దాం."

ఒకే చెక్క, ఒకే అచ్చు. ఒకదానికి తెల్ల జిగురు, ఇంకోదానికి నీళ్ళలో కలిపే పొడి జిగురు, మూడోదానికి రెండు డబ్బాల్లోది కలిపితే గట్టిపడే ఎపాక్సీ. ఒకటి ఆరాక ఇంకోటి. వారం తిరిగి కుర్రాడు మళ్ళీ చూడ్డానికి వచ్చేసరికి తెల్ల జిగురుది వేలెడు విచ్చుకుంది. పొడి జిగురుది వంపు నిలబెట్టుకుంది గానీ అంచు పొడుగునా నల్లటి గీత తేలింది. ఎపాక్సీది కదల్లేదు, కాకపోతే నడుం వంపులో పొరల మధ్య సన్నటి సందు ఉండిపోయింది.

"చూశారా మీ ఎపాక్సీ ఘనత!" అంది అమ్మడు.

అతని మొహం చిన్నబోయింది. అది చూడగానే ఆమెకి వాదించే సరదా పోయింది. "జిగురుది కాదులెండి తప్పు. క్లాంపులు ఒక్కోచోటే నొక్కుతున్నాయి. అచ్చుకి బయటి సగం కూడా చేస్తాను. రెండు సగాల మధ్య రబ్బరు షీటు వేస్తే ఒత్తిడి అంతటా సమానంగా పడుతుంది. వంపు కూడా కాస్త ఎక్కువే చెక్కుతా. విచ్చుకున్నా మనకి కావలసిన చోటే ఆగాలి."

అతను ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు. "ఏంటి?" అంది. "ఏం లేదు," అన్నాడు. బయట వాన లేదు, అయినా వెళ్ళలేదు.

ఆ తరవాత జిగురబ్బాయి - నాన్న పెట్టిన పేరే అది - వారానికి రెండుసార్లైనా వచ్చేవాడు. ఒకరోజు గడువు తేదీ చూడాలనేవాడు, ఇంకోరోజు మూత బిగుసుకుందేమోననేవాడు. "నీ డబ్బాలకంటే నువ్వే గట్టిగా అంటుకునేలా ఉన్నావయ్యా," అనేవాడు నాన్న. అమ్మడు చెక్కపొట్టు ఊదుతున్నట్టు తల వంచుకునేది.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం నాన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అమ్మడు ఎపాక్సీ కలిపింది. అరగంటలో బిగించెయ్యాలి, లేకపోతే కప్పులోనే రాయైపోతుంది. ఆమె గ్లవ్స్ నిండా జిగురు, అచ్చులో పొరలు ఒక్కచోట నిలవడం లేదు. పక్కన క్లాంపులు అందిస్తున్న జిగురబ్బాయి సరిగ్గా అప్పుడే నోరు విప్పాడు.

"నన్ను వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ చేశారు."

"ఊఁ. ఆ క్లాంపు ఇలా..."

"నాకు వెళ్ళాలని లేదు. ఉద్యోగం మానేసి ఇక్కడే... మీతోనే ఉండిపోతే ఎలా ఉంటుందా అని."

ఆమె చప్పున అతని వైపు తిరిగింది. పైపొర పక్కకి జారింది.

"ఇప్పుడా అడిగేది! ముందు ఆ క్లాంపు ఇవ్వండి బాబూ!"

ఇచ్చాడు. చివరి క్లాంపు దాకా అతను అందిస్తుంటే ఆమె బిగించింది.

గ్లవ్స్ విప్పుతుంటే ఆమె మొహమంతా వేడెక్కింది. సరేనంటే సరిపోయేది. కానీ ఇంకోసారి అడిగించుకోవాలనిపించింది - చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, కళ్ళలోకి చూస్తూ, తీరిగ్గా. అందుకే నవ్వుతూ, "ఉద్యోగం మానేసి వస్తే ఇక్కడ ఊడ్చే పని తప్ప మీకేం దొరుకుతుంది?" అంది.

అతనూ నవ్వాడు, ఒక్క క్షణం ఆగి. "నిజమే," అన్నాడు.

ఆ ఆగడం ఆమె గమనించింది. రేపు మళ్ళీ అడుగుతాడులే అనుకుంది.

మర్నాడు రాలేదు. తరవాత వచ్చాడు గానీ, ఆమె కలప డిపోకి వెళ్ళిన సమయంలో నాన్నకి చెప్పి వెళ్ళిపోయాడు. ఫోను చేశాడు. నాన్న ఫోను ఇవ్వబోతే, లేనని చెప్పమని చేత్తో సైగ చేసింది. నాకు చెప్పకుండా వెళ్ళాడుగా, కాస్త బతిమాలనీ అనుకుంది. ఇంకోసారి చేశాడు. మళ్ళీ సైగే. ఆపైన ఫోను రాలేదు.

ఏడాది దాటింది. పక్కలు చక్కగా నిలబడుతున్నాయి, గిటార్లు బాగా పోతున్నాయి. అమ్మడే అన్నం సరిగ్గా తినడం లేదు.

"ఎవరి కోసమే ఈ పంతం?" అన్నాడు నాన్న ఒకరోజు. "అతనికి నీ మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది? వెళ్ళి చెప్పిరా."

వెళ్ళింది. ఏ వంకా పెట్టుకోకుండా, ఒట్టి చేతులతో బస్సెక్కి వెళ్ళింది. ఆఫీసు మెట్లు దిగుతూ ఆమెని చూసి అతను ఆగిపోయాడు.

"మీరా! నాన్నగారు బాగున్నారా?"

"బాగున్నారు. మీతో మాట్లాడాలని వచ్చాను."

ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నారు. అతను ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఆమే చెప్పింది. "ఆ రోజు నేనన్నది ఉత్త వేళాకోళమండీ. ఉండిపొమ్మని చెప్పాలనే ఉంది. మీరు ఇంకోసారి అడిగితే బాగుండునని ఆగాను. మీరు ఫోను చేసినప్పుడు కూడా ఇంట్లోనే ఉన్నాను."

అతను టీ గ్లాసు పక్కకి జరిపాడు. "వచ్చే నెల నా పెళ్ళండీ," అన్నాడు.

"అలాగా."

"నేను ఇంకోసారి అడగాల్సింది. నవ్వేశారు కదా, ఇంకా అడిగితే విసిగించినట్టుంటుందనుకున్నాను."

"ఆ అమ్మాయి ఎలా ఉంటుంది?"

"మంచిదండీ. ఏదడిగినా వెంటనే జవాబు చెప్తుంది." అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"అదే మంచిది," అంది అమ్మడు. నిజంగానే అంది. అందుకే ఇంకా నొప్పెట్టింది. "ఆమెని బాధపెట్టకండి. నన్ను బస్సెక్కించండి చాలు."

బస్సు కదిలేదాకా అతను కిటికీ కిందే నిలబడ్డాడు. ఏదో అన్నాడు. ఇంజను మోతలో వినపడలేదు. మళ్ళీ అనమని ఆమె అడగలేదు.

సాయంత్రం ఊళ్ళో దిగేసరికి, రమ్మని చెప్పకపోయినా నాన్న బస్టాండులో ఉన్నాడు.

"చెప్పావా?"

"అంతా చెప్పాను నాన్నా. ఆలస్యమైపోయింది."

నాన్న ఇంటి వైపు తిరిగాడు. ఇద్దరూ నడిచారు. వీధి మలుపు దగ్గర అమ్మడు ఆగింది.

"ఏడుపొస్తోంది నాన్నా."

"ఏడువమ్మా," అన్నాడు. మూసేసిన ఒక షాపు మెట్టు మీది దుమ్ము వంకర వేళ్ళతో దులిపి, తను కూర్చుని, పక్కన ఆమెకి చోటిచ్చాడు.