పొరుగుమాట

ఆ ఏడాది అనంతపురం క్యాన్సర్ ఆసుపత్రి నాలుగో అంతస్తును పెళ్లిళ్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. రోగులు లేక గదులు బూజు పడుతుంటే పాలకవర్గం మాత్రం ఏం చేస్తుంది? ఒకప్పుడు కీమో ఎక్కించిన హాల్లో ఇప్పుడు తలంబ్రాలు పోసుకుంటున్నారు. 2087లో క్యాన్సరంటే మూడు డోసుల మందు, వారం విశ్రాంతి, ఆపైన ఆరునెలలకొక డోసు. అంతే.

ఆ మందు కనిపెట్టిన డాక్టర్ రుత్విక ఆ ఊళ్లోనే, ఒక అపార్టుమెంటు పదమూడో అంతస్తులో, తన అక్క మోక్షితతో ఉంటుంది. 'తో' అన్న మాట అలవాటుకొద్దీ అనడమే.

భర్త పోయి, కడుపులో గడ్డ బయటపడ్డాక మోక్షిత కదిరి నుంచి చెల్లెలింటికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆమె నోటికి తాళం ఉండేది కాదు. లిఫ్టు పదమూడో అంతస్తుకు చేరేలోగా పక్కనున్నవాళ్ల మేనత్తల పేర్లతో సహా కనుక్కునేది. రుత్విక తినకుండా ప్రయోగశాలకు పరిగెత్తితే, "నీ మొగం చూసి ఎన్నాళ్లాయెనే? గోడకొక ఫోటో అన్నా తగిలించి పో, దానికే వడ్డిస్తా" అని దెప్పేది. మందు వేశాక గడ్డ కరిగిపోయింది. దాంతోపాటే మాటా కరిగిపోయింది.

"అక్కా, ఉగ్గాని చేసినా. రా, తిందాం."

"నువ్వు తిను. నాకు ఆకలైనప్పుడు తింటాలే."

"రోంతసేపు నాతో కూర్చోవా?"

"ఎందుకు?"

ఆ ప్రశ్నలో కోపం లేదు, అలక లేదు. మోక్షిత నిజంగానే తెలియక అడిగింది. అడిగి, కిటికీ వైపు తిరిగి, ఎవరో పక్కనే కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు చిన్నగా నవ్వుకుంది.

అలా ఎందుకయిందో ఊహించగల మనిషి ఆ ఊళ్లో రుత్విక ఒక్కతే.

మన కణాల్లో తయారయ్యే ఆర్‌ఎన్‌ఏలో కొద్ది భాగమే ప్రొటీన్లకు నమూనాగా పనికొస్తుంది. మిగిలినదంతా ఏమీ తయారుచేయదు. దాన్ని చాలాకాలం చెత్త కింద జమకట్టారు. రుత్విక దానికి 'మౌన ఆర్‌ఎన్‌ఏ' అని పేరు పెట్టింది. ఇల్లు నడిపే ఆడమనిషి లాంటిది అది. చేసిన పని పైకి కనిపించదు. కానీ ఎవరు ఎప్పుడు లేవాలి, ఎవరు ఎక్కడ ఆగాలి అన్నది ఆమె కనుసన్నల్లోనే నడుస్తుంది. ఒక కణం పెరుగుతూ పెరుగుతూ పక్క కణానికి తగలగానే, 'పొరుగువాళ్లున్నారు, ఇక చాలు' అని లోపల చెప్పేది అలాంటి ఒక మౌన ఆర్‌ఎన్‌ఏనే అని రుత్విక కనుక్కుంది. ఆ గొంతు మూగబోయిన కణం కోట్లమంది మధ్య ఉండి కూడా తాను ఒంటరిదాన్నే అనుకుంటుంది. ఆగదు. పెరుగుతూనే పోతుంది. అదే గడ్డ.

ఆ మూగబోయిన మాటనే రుత్విక కృత్రిమంగా తయారుచేసి కణాలకు అందించింది. మందు పేరు 'పొరుగుమాట'.

ఆ మాట కడుపు దగ్గరే ఆగలేదని ఆమెకిప్పుడు అనుమానం. అణువు చివర ఒక చిన్న తోక ఉంది. ఆ తోక విడిపోయి మెదడులోకి పోతున్నట్టుంది. 'నీ చుట్టూ మనుషులున్నారు, ఇక చాలు' అని అక్కడా చెబుతున్నట్టుంది.

దుష్ఫలితాలను నమోదు చేసే యంత్రం ముందు కూర్చుంది రుత్విక.

"రోగి ఫిర్యాదు ఏమిటి?" అంది యంత్రం.

"రోగికి ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బంది నాది."

"మీరు మందు తీసుకున్నారా?"

"లేదు. మా అక్క తీసుకుంది."

"మందు తీసుకోనివారి దుష్ఫలితాలకు ఇందులో గడి లేదు."

లక్షలమంది వాడినా ఒక్క ఫిర్యాదు రాకపోవడానికి కారణం అదే. నయమైనవాళ్లకు ఏ లోటూ తెలియదు. లోటు పక్కవాళ్లది.

అయినా రుత్విక వదల్లేదు. పద్నాలుగు నెలలు కమిటీల చుట్టూ తిరిగింది. పొద్దున్నే పోయి, అక్క పడుకున్నాక వచ్చేది. చివరికి తోక కోసేసిన మందుకు అనుమతి వచ్చింది. ఆరునెలలకొకసారి వేసే డోసు బదులు మోక్షితకు ఆ కొత్తది వేసింది.

తొమ్మిదో రోజు పొద్దున వంటింట్లోంచి కేక వినిపించింది. "ఏమే రుత్తీ, పోపులో ఇంగువ వేసే ఆచారం ఈ ఇంట్లో చచ్చిపోయిందా ఏంది?"

రుత్విక తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏడుపు వచ్చింది.

"ఏడుస్తావేమే, ఇంగువ డబ్బా యాడుందో చెప్పు" అంది మోక్షిత.

ఆ వారమంతా అక్కచెల్లెళ్లు ఒకే పళ్లెంలో తిన్నారు. మరుసటి వారం ప్రయోగశాల నుంచి పిలుపు వచ్చింది. పని పేరుకుపోయింది మరి.

రుత్విక కోసేసిన తోకను మందుల కంపెనీ పారేయలేదు. దానికి 'తోడు' అని పేరు పెట్టి, ముక్కులో కొట్టుకునే మందుగా విడిగా అమ్మకానికి పెట్టింది. పావుగంటలో పనిచేస్తుంది, ఏడాది ఉంటుంది. క్యాన్సర్ ఉండనవసరం లేదు. ఆ సంగతి రుత్విక పేపర్లో చదివి, ఎవరు కొంటారులే అనుకుంది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, సమావేశానికి పోతూ క్లాక్ టవర్ దగ్గర కారు ఆపించింది. 'తోడు' దుకాణం ముందు వీధి మలుపు దాకా వరస ఉంది. లోపలికి పోయేవాళ్లు గలగలా మాట్లాడుకుంటున్నారు. బయటికొచ్చేవాళ్లు ఎవరినీ చూడకుండా నవ్వు మొహాలతో పోతున్నారు. గుమ్మానికి ఇద్దరి వెనక మోక్షిత నిలబడి ఉంది.

"అక్కా, నువ్వేంది ఈడ?"

"నువ్వేంది ఈడ అని నేనడగాల. పగటిపూట నిన్ను చూసి ఎన్నాళ్లాయె."

"దీనికోసమే కదా నేను ఏడాదికి పైగా కొట్లాడింది. నువ్వు మళ్లీ నా మనిషివి కావాలని."

"నీ మనిషినయినా కదా. అయినాక నువ్వేం చేసినావు?" మోక్షిత గొంతు పెంచలేదు. "పొద్దున పోతావు, నేను పడుకున్నాక వస్తావు. ఆ నడుమంతా ఆ గదుల్లో నాకెట్లుంటాదో ఒక్కసారన్నా అడిగినావా? మందున్నన్నాళ్లు నాకు తెలీలేదు. ఇప్పుడు ప్రతి గంటా తెలుస్తాంది. నీకు కావాల్సింది నేను కాదే. నీకోసం ఎదురుచూసే మనిషి."

"ఈరోజు సెలవు పెడతా. పద ఇంటికి పోదాం. రేపూ పోను."

మోక్షిత ఆమె మొహంలోకి చూసింది. నమ్మాలనే చూసింది. ఒక అడుగు వరసలోంచి బయటికి వేసింది కూడా.

రుత్విక మణికట్టు మీద ఫోను అదిరింది. కమిటీ అధ్యక్షుడు.

"ఒక్క నిమిషం అక్కా, రానని చెప్పి పెట్టేస్తా" అని పక్కకు తిరిగింది. నిజంగా రానని చెప్పడానికే తిరిగింది. ఆయన ఒక లెక్క అడిగాడు. ఆ లెక్క తప్పుగా ఉంది. దాన్ని సరిదిద్దింది. ఆయన ఇంకోటి అడిగాడు.

ఇటు తిరిగేసరికి గుమ్మం ముందు మోక్షిత లేదు. ఆమె వెనకే దుకాణం తలుపు మూసుకుంది.

వరస ముందుకు జరిగింది. అక్క వదిలిన చోట రుత్విక నిలబడి ఉంది. వెనకున్న పెద్దాయన చేతిసంచీ ఇటునుంచి అటు మార్చుకుంటూ, మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, మీరు వరసలో ఉండారా?"

రుత్విక పక్కకు తప్పుకోలేదు.