కదలని మంద

"పన్నెండింటికి లైన్ ఆన్ అవుతుంది," ఫోన్లో చీఫ్ గొంతు. "దేశమంతా పరిచిన ఫైబర్‌లో సైన్యం వాడుకునే లైన్ అది. మక్తల్ దగ్గర ఎక్కడో శత్రువులు దానికి క్లిప్ తగిలించారు. అది అక్కడే ఉంటే మన ప్రతి మాటా వాళ్ల చెవిలో పడుతుంది. పట్టుకోలేకపోతే నువ్వు ఇంటికే, బీరన్నా!"

ఏజెంట్ బీరన్న గడియారం చూశాడు. పదకొండున్నర. ఒంటిమీద కేబుల్ కూలీల పసుపు జాకెట్. హెడ్డాఫీసు పంపిన డ్రోన్ ఎండకే చచ్చింది. పెన్నులో కెమెరా పెట్టిన మహానుభావులకు ఆ పెన్ను రాయాలన్న సంగతి మాత్రం తట్టలేదు.

వాళ్లు పంపిన మరో ఘనత దీప్తి, సెక్యూరిటీ ఎక్స్‌పర్ట్. నల్ల కళ్లద్దాలు, సెంటు, దుక్కి చేనులో హైహీల్స్.

"గొడుగు మరిచాను," అంది, కోడ్ మాటగా.

"వాన ఆగింది," అన్నాడు. మండుటెండలో ఈ కోడ్ రాసినవాడి మొహం చూడాలనిపించింది.

"కేబుల్ గుంతల మూతలన్నీ తీసి మీటర్‌తో చెక్ చేశాను. లైన్ క్లీన్."

"ఈ చేనులో ఉన్న గుంతో?"

"దానిమీద గొర్రెలున్నాయి. కాపరి మన ఇన్‌ఫార్మరే. వదిలెయ్."

గొంగడి, కర్ర, తలపాగా. కాపరి వేషానికి వంక పెట్టలేం. "ఏం సారూ, గీడికెందుకొచ్చిన్రు?" యాస కూడా బాగానే బట్టీ పట్టాడు. కానీ పొద్దు నెత్తికెక్కినా గొర్రెలింకా వల కట్టిన దొడ్డిలోనే ఉన్నాయి. ఆకలికి అరుస్తున్నాయి. బీరన్నకు ఒళ్లు మండింది.

అంతలో చేను గల బక్కమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. "ఆఫీసరువా బిడ్డా? గీయనకు జర చెప్పు! చేనంతా ఎరువైతదని మంద పెట్టమంటే, నాలుగు దినాల సంది గీ ఒక్క మూలకే పెడ్తాండు. దినాం జాగా మార్చాలె గదా? అడిగితే రేపు, రేపంటడు."

బీరన్న పకపకా నవ్వాడు. "థూ! గొర్లు కాసే కురుమోళ్ల ఇంట్ల పసిపోరడు గూడ చెయ్యడు గీ పని. ఏ దేశం నుంచొచ్చినవ్ రా?"

కాపరి మొహం పాలిపోయింది. వెనక పిస్టల్ క్లిక్‌మంది.

"కదలకు," అంది దీప్తి. "గొర్లకాపరి కొడుకువి, గొర్లే కాసుకోవాల్సింది."

"గదే చేస్తున్న."

వల గుంజను ఒక్క తన్ను తన్నాడు. ఆకలిమీదున్న రెండొందల గొర్రెలు ఆ సందులోంచి దీప్తి మీదుగానే మేతకు ఉరికాయి. పిస్టల్ ఒకవైపు, హీల్స్ ఒకవైపు, ఎక్స్‌పర్ట్ పెంటికల్లో. పారిపోబోయిన కాపరి మోకాలిమీద బక్కమ్మ కర్ర పడింది. "నా చేను ఖరాబు చేసి యాడికి పోతవ్ రా?"

పదకొండు యాభై ఎనిమిది. నాలుగు రోజుల పెంటికలు చేత్తోనే తోడి గుంత మూత లేపాడు. క్లిప్ మీద ఎర్ర లైటు. వెంట్రుకంత గాజు దారం, తెగితే లైనే పోతుంది. చిన్నప్పుడు గొర్రె డెక్కలో ముల్లు తీసినట్టు, ఊపిరి బిగబట్టి మెల్లగా లాగాడు. ఊడింది. పన్నెండుకు ఇంకా రెండు సెకన్లున్నాయి.

"శభాష్!" క్లిప్ దొరికిందని చెప్పగానే ఫోన్లో చీఫ్ అరిచాడు. "సాయంత్రం ఫ్లైట్‌కి ఢిల్లీ రా!"

బక్కమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. "గీయన జైలుకు పాయె. మరి నా చేనుకు మంద ఎవరు పెడ్తరు బిడ్డా?"

బీరన్న చేనంతా కలియజూసి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"మూడు రోజులు సెలవు కావాలి సార్. ఇంకా మూడు మూలలున్నాయి."